సిగరెట్ కాల్చిన గడి

కాందా పేటలోని ఆ అచ్చాపీసులో ఎవరైనా తుమ్మేలోపు కుజుమి మూడు సీసపు అక్షరాలు ఏరేస్తాడని చెప్పుకునేవారు. అది పిసినారి లెక్క. ఐదు ఏరేవాడు, ఆరోదాన్ని తుమ్మినవాడి జేబులో వేసేవాడు.

అలాంటి కుజుమికి ఆ ఏడు చూపు మసకేసింది. గీతలు గుబురుగా ఉన్న పెద్ద అక్షరాలు ఆకారాన్ని బట్టి తెలిసేవి. జపానీలో మాటకీ మాటకీ మధ్య కుట్టులా పడే చిన్న ప్రత్యయాలు వ, గ, ఓ, ని మాత్రం మంచులో కలిసిపోయేవి. ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు చూపు పోయిన ఒబతా అనే పనివాణ్ణి మేస్త్రీ సీసం కరిగించే కొలిమి దగ్గరికి తోసేశాడు. దగ్గీ దగ్గీ, వసంతం రాకముందే పోయాడతను.

కుజుమిని ఇంకా నిలబెట్టింది నవలాకారుడు టొరిగోయె. ఇరవై ఏళ్లుగా ఆయన రాతప్రతులన్నీ అచ్చుకి కూర్చేది ఇతనే. ఆయన 'అమ్మ' పక్కన 'వ' రాశాడంటే మనకు తెలిసిన అమ్మే, పొయ్యి దగ్గరే ఉంటుంది. 'గ' రాస్తే అప్పుడే గుమ్మంలో ప్రత్యక్షమైనట్టు పాఠకుడు ఉలిక్కిపడాలి. ఆయన ఎక్కడ ఉలిక్కిపడేలా చేస్తాడో కుజుమి చేతికి తెలుసు. కన్నుతో పని లేకుండానే చెయ్యి అక్షరాల పెట్టెలో సరైన గడిలోకి పోయేది.

ఆ మధ్యాహ్నం ప్రూఫు సరిచూడ్డానికి కూర్చున్నారు. ప్రూఫులు చదివే షిగెనో, టొరిగోయె రాతప్రతిని కామాతో సహా పైకి చదువుతుంది, కుజుమి ప్రూఫు చూసి ఊఁ కొట్టాలి. అతనికి కనిపించేది బూడిదరంగు చారలే. అయినా ఊఁ కొడుతూనే ఉన్నాడు.

షిగెనో చదవడం ఆపింది.

"కుజుమీ, ఇక్కడ నువ్వేం వేశావు?"

"గ."

"చూసే వేశావా?"

"చూడక? ఇరవై ఏళ్ల చెయ్యి ఇది, అక్కా."

ఆమె కాగితాన్ని కిటికీ వైపు ఎత్తింది. కుజుమికి అందులో చిన్న వెలుగు చుక్క కనిపించింది.

"ఆయన సిగరెట్ పడి కాగితం మీద ఈ గడి కాలిపోయింది. అక్షరమే లేదు. కళ్లున్నవాడెవడైనా ఇక్కడేం వెయ్యాలని వచ్చి నన్నడిగేవాడు."

గోడ అవతల కొలిమి బుసకొడుతోంది.

"మేస్త్రీకి చెప్తావా?"

"చెప్పకపోతే నా మెడ మీదకొస్తుంది." షిగెనో ఇంకో కట్ట ముందుకు లాగింది. "ఇది ఇవాళే వచ్చింది. కొత్త పిల్ల రాసింది, ఇరవై రెండేళ్లు. ఈ పిల్ల చెయ్యి నీకు తెలీదుగా?"

"తెలీదు."

"పొద్దున్నే, మేస్త్రీ రాకముందు రా. నేను చదువుతా, నువ్వు ఏరు. ఎన్నాళ్లు దాస్తానని మాత్రం అడక్కు. ముందు ఒక్క వాక్యం చూద్దాం, లే."

కుజుమి గళ్ల పెట్టె ముందు నిలబడ్డాడు.

"అమ్మ..." అని చదివి, షిగెనో ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది.

'వ' గడికీ 'గ' గడికీ మధ్య, గాలిలో, ఆ గొప్ప చెయ్యి ఆగిపోయింది.