లోపలికి వచ్చే టీ

మా ఆఫీసులో మర్యాదకు కొదవ లేదు. వన్ టౌన్‌లో స్టీలు సామాను హోల్‌సేల్ కొట్టు మాది. కింద సరుకు, పై అంతస్తులో ఆఫీసు. సాయంత్రం నాలుగయ్యేసరికి మగవాళ్లంతా సందు మలుపులో ఉన్న టీ బడ్డీ దగ్గరికి వెళ్తారు. ఆడవాళ్లం ఇద్దరమే, ఆర్డర్లు చూసే నేనూ, బిల్లులు కొట్టే అమ్మాయీ. మాకు మాత్రం ఫ్లాస్కులో టీ పైకే వస్తుంది. ఆడవాళ్లు రోడ్డు మీద నిలబడి టీ తాగడం బాగోదని మా ఓనరుగారి తండ్రిగారు పెట్టిన పద్ధతట. చేరిన కొత్తలో దానికి ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే మా కొట్టు నడిచేది ఆ బడ్డీ దగ్గరే. అవనిగడ్డ బండి ముందు వెళ్లాలా, గుడివాడ బండి ముందు వెళ్లాలా, ఏ షాపు ఆర్డరు ఆపాలి, ఎవరికి సెలవివ్వాలి, అన్నీ చేతిలో గాజు గ్లాసులు ఉండగానే తేలిపోతాయి. ఓనరుగారూ అక్కడే ఉంటారు. నాకు మర్నాడు తెలుస్తుంది. అదీ ఎలాగంటే, గుడివాడ షాపాయన సరుకు రాలేదని ఫోన్ చేసి నన్ను దులిపేస్తే. ఆర్డరు రాసుకునేది నేను, మాటలు పడేది నేను, నిర్ణయం బడ్డీది.

ఈ ఏడాది మా పాత మేనేజరుగారు పని మానేస్తానన్నారు. ఆయన పని సగానికి పైగా ఎప్పట్నుంచో నేనే చేస్తున్నాను. ఆ కుర్చీ నాకే రావాలని నా కోరిక, ఇందులో దాచుకోవడానికేముంది. చదువు చాలదని రేపెవరూ అనకూడదని ముందే దూరవిద్యలో ఎంబీఏ కట్టాను. అందులో ఆర్గనైజేషనల్ బిహేవియర్ అని ఒక పేపరు. గుణదలలో మా ఇంట్లో, ఆదివారం పూట, కుక్కరు కూతల మధ్య దాన్ని చదివాను. ప్రతి సంస్థలోనూ ఎవరి కింద ఎవరో రాసి గోడకు తగిలించే చార్టు ఒకటి, మాటలు నిజంగా నడిచే దారి ఇంకొకటి ఉంటాయట. ఇది కనిపెట్టడానికి అంతంత చదువులు కావాలా? మా సందు మలుపులో పది నిమిషాలు నిలబడితే చాలదా?

చదివింది మీ ఆఫీసులో అమలు చేసి రాయండని ఆ కోర్సువాళ్లు అసైన్‌మెంటు ఇచ్చారు. సరే అని ఓనరుగారి దగ్గరికి వెళ్లి, ఈ నిర్ణయాలేవో మీటింగు పెట్టి తీసుకుంటే అందరికీ ఒకేసారి తెలుస్తాయి కదా అన్నాను.

"బ్రహ్మాండంగా ఉందండీ. సోమవారమే పెట్టేద్దాం" అన్నారాయన.

సోమవారం అందరూ తల దువ్వుకుని మరీ వచ్చి కూర్చున్నారు. బండ్ల వరస ఎలా ఉంటే బాగుంటుందని అడిగాను. ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. గోడౌన్ చూసే ఆయన ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు. పేరు పెట్టి అడిగితే, "మీ ఇష్టమండీ, మీరెలాగంటే అలాగే" అన్నాడు. మిగతావాళ్లూ అదే మాట. ఉద్యోగుల భాగస్వామ్యం గురించి పుస్తకంలో ఉన్న అధ్యాయమంతా 'మీ ఇష్టమండీ' దగ్గర చతికిలబడింది. నాలుగైంది, అందరూ లేచారు. మర్నాడు పొద్దున్న చూస్తే మీటింగులో నేను చెప్పిన వరస మొత్తం మారిపోయి ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇలా కాదని నేనే బడ్డీ దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే మాటలు ఆగిపోయాయి. గోడౌన్ ఆయన గబుక్కున లేచి, భుజం మీది తువ్వాలుతో స్టూలు తుడిచాడు.

"అయ్యో, ఎండలో మీరెందుకొచ్చారండీ? చెప్తే పైకే పంపేవాళ్లంగా!"

నేను కూర్చున్నంతసేపూ ఎండల గురించి, పిల్లల చదువుల గురించి, ఇబ్రహీంపట్నం దగ్గర ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నారు. మర్నాడూ వెళ్లాను, మళ్లీ ట్రాఫిక్కే. ఆ తర్వాత వెళ్తే అసలు ఎవరూ లేరు. అందరూ వెనక సందులో ఇంకో బడ్డీకి మారిపోయారు. తిడితే తిరిగి తిట్టొచ్చు. స్టూలు తుడిచి కూర్చోబెట్టేవాళ్లని ఏమంటాం? విసుగొచ్చి వెళ్లడం మానేశాను. వాళ్లు హాయిగా పాత బడ్డీకి తిరిగొచ్చారు.

వారం తిరక్కుండానే ఓనరుగారు పిలిచారు.

"మేనేజరుగా మన గోడౌన్ ఆయన్ని వేద్దామనుకున్నామండీ. మీ పనికి వంక పెట్టేవాళ్లు లేరు. కాకపోతే ఆ సీట్లో నలుగురితో కలిసిపోయే మనిషి ఉండాలి గదా."

"ఎక్కడ అనుకున్నారండీ?" అన్నాను.

ఆయన తన ముందున్న బిల్లు పుస్తకం మూసి, "ఆయనకి కంప్యూటరూ ఆర్డర్లూ అంతగా తెలీవు. మీరే కాస్త దగ్గరుండి నేర్పాలి" అన్నారు. సరేనని వచ్చేశాను.

మర్నాడు కొత్త మేనేజరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని అవనిగడ్డ ఆర్డరు చూపిస్తున్నాను. సగంలో ఉండగా నాలుగైంది. ఆయన లేచి, "మీకు టీ పంపిస్తానండీ, వచ్చాక చెబుదురుగాని" అని మెట్లు దిగాడు. నేను ల్యాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుని ఆయన వెనకే దిగాను.

బడ్డీ దగ్గర మళ్లీ అదే మౌనం, అదే తువ్వాలు. ఈసారి స్టూలు మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో తెరిచాను.

"ఇక మీదట నేర్పేది ఇక్కడేనండీ. పైన నేర్పను" అన్నాను.

ఓనరుగారు గ్లాసు వంక చూసుకున్నారు. ఒకరిద్దరు వెనక సందు వైపు చూశారు గానీ, కొత్త మేనేజరుగారు కదల్లేదు. ఎలా కదులుతాడు? సాయంత్రం వెళ్లాల్సిన సరుకు వివరమంతా నా ఒళ్లో ఉంది. కాసేపు నసిగి, "మరి గుడివాడ బండి ఆపాలా, పంపాలా?" అని అడిగాడు. ఓనరుగారి వంక కాదు, నా వంక చూసి.

పంపాలన్నాను. పంపారు.

మేనేజరు ఆయనే, జీతమూ ఆయనదే. ఆ మంట నాకు తగ్గలేదు. కానీ రోజూ నాలుగింటికి పైన ఆ మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఆయనేమో కింద బడ్డీ దగ్గర నా స్టూలు పక్కన నిలబడి ఉంటాడు.