గీత కరిచింది

విషం లేని పురుగు కరిచి చచ్చినవాడు కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య ఎవడైనా ఉంటే అది నేనే. చావలేదు గనక రాస్తున్నాను. ఆ రోజు పోయిన పరువు మాత్రం మళ్లీ బతకలేదు.

అప్పటికి నా మీసం ఇంకా నల్లగానే ఉండేది. దోమకొండ నుంచి వచ్చిన మా బామ్మర్ది రాజిరెడ్డిని బండి మీద పోచారం తీసుకెళ్లాను. చెరువు కట్ట మీద పండుమిరపకాయలకు రెక్కలొచ్చినట్టు ఎర్రటి తూనీగలు. ఇవి రెండు జాతులనీ, ఒకదాని వీపు మీద వెంట్రుకంత నల్ల గీత ఉంటుందనీ, రెండోదానికి ఉండదనీ చెప్పాను. అంతవరకు నిజమే. అక్కడ ఆగితే నేను నేనెందుకవుతాను? గీత లేనిది ఆవు లాంటిదనీ, గీత ఉన్నది కరిస్తే ముందు నాలుక మడత పడుతుందనీ, ఎల్లారెడ్డి దవాఖానా చేరేలోపు మనిషే పడిపోతాడనీ సాగదీశాను. బామ్మర్ది కాళ్లు రెండూ బండి మీదికి లాక్కున్నాడు.

అతని భయం చూసి నాకు హుషారెక్కింది. ఆవు లాంటిదాన్ని చూపిస్తానని ఒకదాని రెక్కలు పట్టుకున్నాను. కళ్లద్దాలేమో ఇంట్లో ఉన్నాయి. అది తల తిప్పి నా బొటనవేలు కొరికింది.

రాజిరెడ్డి వంగి చూశాడు. "బావా, దీనికి గీత ఉన్నది."

విషం కథ నేను అల్లిందేనని నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు, నేనైతే కొలతలు తీసుకుని మరీ పడ్డాను. జన్మలో ఒక్కసారి పొరపాటున నిజం చెప్పానేమో! నోరెండిపోయింది.

"నాలుక మడత పడ్డదా బావా?"

తల ఊపాను. ఎల్లారెడ్డి దాకా బండి అతనే నడిపాడు. దారిలో ఎదురైన ప్రతి బర్రె వెనకా యముడు నడిచొస్తున్నట్టే అనిపించింది.

దవాఖానాలో నర్సమ్మ ఏమైందని అడిగితే వేలు చూపించి, "గీత... గీత కరిచింది" అన్నాను. అంతకు మించి నాలుక తిరగలేదు.

"గీత ఎవలు?" అని ఆమె రాజిరెడ్డిని అడిగింది.

భయపడ్డవాడు అడిగినదానికే జవాబు చెప్తాడు. "మా అక్క. ఈయన భార్య."

అవును, మా ఆవిడ పేరు గీతే. ఆ ఘడియలో నాకే గుర్తు లేదు, మీకేం చెప్తాను?

నర్సమ్మ నాకు సూది పొడిచి, అతని ఫోన్ తీసుకుని మా ఇంటికి కలిపింది. వరుసలో కూర్చున్నవాళ్లంతా చెవులు రిక్కించారు. "అమ్మా, ఎంత కోపమొస్తే మాత్రం మొగన్ని గిట్ల కరుస్తరా?"

ఫోన్ స్పీకర్లోంచి మా ఆవిడ గొంతు అందరికీ వినిపించింది.

"నేనింకా కరవలేదు బిడ్డా. ఇంటికి రానియ్యి."

తూనీగ భయం అక్కడికక్కడే దిగిపోయింది. అసలు భయం అప్పుడే ఎక్కింది.

పోచారం నీళ్ల సాక్షిగా ఒట్టేస్తున్నాను: ఇకపై ఏ పురుగుకైనా విషం అంటగట్టే ముందు, దాని గుర్తు పేరు మా ఇంట్లో ఎవరికీ లేదని చూసుకుంటాను.