బావ తవ్విన ఎర్త్ గుంత

బావ పోయిన కబురు నాకు కురవిలో అందింది. వడగళ్లకు దెబ్బతిన్న మిరప చేను గట్టు మీద రైతులతో మాట్లాడుతుంటే మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, బాపు పోయిండు" అన్నాడు. ఎట్లా అని అడిగాను. ఇన్నేళ్ల విలేకరి పని వల్ల, ఎవరు పోయారన్నా ముందు ఆ మాటే నోటికి వస్తుంది. పొద్దున చాయ్ తాగి వరండాలో కూర్చున్న మనిషి కుర్చీలోంచి మళ్లీ లేవలేదట. దవాఖానకు చేరేసరికే ఊపిరి లేదట. రైతులకు మళ్లీ వస్తానని చెప్పి, మహబూబాబాద్ వచ్చి రైలెక్కాను. ఏడుపు రాలేదు.

బావ అంటే మా అక్క భర్త. ఉద్యోగమంతా భూపాలపల్లి బొగ్గు గనిలో, ఎలక్ట్రీషియన్‌గా. రిటైరయ్యాక జనగామలో ఇల్లు కట్టుకున్నారు. మంచివాడని రాస్తే సరిపోదు. ఆయనతో వేగడం కష్టమని అక్కే చెబుతుంది. గనిలో ఒక పద్ధతి ఉంది. ఏ యంత్రం మీద పనిచేసినా ముందు దాని మెయిన్ ఆపి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి పనిచేసేవాడి జేబులోనే ఉంచుకోవాలి. ఇంకొకరు తెలియక కరెంటు వెయ్యకుండా. బావ ఆ పద్ధతిని ఇంటికీ తెచ్చాడు. ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చాలన్నా మీటరు దగ్గరి పెట్టెకు తాళం పడేది. ఒకసారి అట్లాగే తాళం వేసి, స్క్రూలు తక్కువయ్యాయని బజారుకు పోయాడు. అక్కడ పాత దోస్తు ఎవరో కలిశాడు. అసలే ఎండాకాలం. నేను భోజనానికి వచ్చి చెమటలు కక్కుతూ కూర్చున్నాను. మిక్సీలో సగం నలిగిన పల్లీలను అక్క రోట్లో పోసి నూరుతూ, "గిది ఇల్లా, బొగ్గు బాయా? పచ్చడికి గూడ మీ బావ పర్మిషన్ కావాలె" అంది.

వానలు మొదలయ్యాయంటే వార్తల కోసం నేను తిరిగే మూడు జిల్లాల్లో కరెంటు షాక్ చావుల వార్తలు ఆగవు. బట్టలారేసిన దండెం తీగ, ఇనుప కూలర్, పొలం దగ్గరి స్టార్టర్ డబ్బా. ఊరి పేరు మారుతుంది, మిగతాదంతా అదే. నేను రాసిన ప్రతి వార్తా బావ చదివేవాడు. చదివి ఫోన్ చేసేవాడు. "కూలరా, దండెమా?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ని. "సరె" అని పెట్టేసేవాడు. ఎట్లున్నవ్ అని కూడా అడిగేవాడు కాదు. ఆ ఫోన్ ఎత్తాలంటే కొన్నిసార్లు విసుగనిపించేది.

ఆయన కొడుకు, అంటే నా మేనల్లుడు, హైదరాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో వెల్డర్. అది మూతబడ్డాక పెళ్లాన్నీ చిన్నపిల్లనూ తీసుకుని జనగామ వచ్చేశాడు. ఇంటి పక్కన కారు కోసం కట్టిన షెడ్డు ఉంది. కారు ఎన్నడూ కొనలేదు. అందులో వెల్డింగ్ మిషన్, ఇనుము కోసే మిషన్, కంప్రెషర్ పెట్టుకుని బతుకుదామనుకున్నాడు. లింగాల ఘనపూర్ రైతు ఒకాయన ట్రాక్టరుకు కేజీ వీల్స్ చెయ్యమన్నాడు. దమ్ము చేసేటప్పుడు బురదలో దిగబడకుండా తగిలించుకునే ఇనుప చక్రాలవి. నాట్లకు ముందే కావాలన్నాడు. అవి నచ్చితే ఆ ఊళ్లో మిగతా ట్రాక్టర్ల వాళ్లూ వస్తారు. రాకపోతే మేనల్లుడు మళ్లీ పట్నంలో కూలి వెతుక్కోవాలి.

బావ షెడ్డంతా ఒకసారి తిరిగి చూసి, ఇంటి తీగలు ఈ లోడు మొయ్యవన్నాడు. షెడ్డుకు వేరే త్రీఫేజ్ మీటరు తీసుకోవాలి. ఒక్కో మిషన్‌కు ఒక్కో బ్రేకరు ఉండాలి. కరెంటు ఎక్కడ లీకైనా టక్కున పడిపోయే ట్రిప్పర్ ఉండాలి. తలుపు పక్కనే, మిషన్ల మధ్య నుంచి నడవకుండా, అంతా ఒకేసారి ఆపే స్విచ్ పెట్టాలి. లీకైన కరెంటు భూమిలోకి దిగిపోయేలా షెడ్డు కోసమే ఎర్త్ గుంత తవ్వాలి. దరఖాస్తు పెట్టారు. మీటరు ఎప్పుడొస్తుందో ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. ఈలోగా బావ భూపాలపల్లిలో ఒక పెళ్లికి పోయాడు. మేనల్లుడు ఇంటి లైను నుంచే వెల్డింగ్ మిషన్‌కు తీగ లాగి, ఎర్త్ తీగను ఇంటి వెనక బోరు కేసింగ్‌కు చుట్టాడు.

మా దిక్కు చాలామంది చేసేది అదే. మొరం నేల, గుంత తవ్వాలంటే నడుములు పోతాయి. ఎట్లాగూ భూమిలోకి లోతుగా దిగిన ఇనుప గొట్టం పెరట్లోనే ఉంటుంది. ఇంతకన్నా మంచి ఎర్త్ ఏముంటుందని వైరింగ్ చేసేవాళ్లే చెబుతారు.

పెళ్లి నుంచి వచ్చిన బావను బస్టాండులో ఎక్కించుకుని నేనే ఇంటికి తెచ్చాను. అక్క మంచినీళ్లిస్తూ, పొద్దున బోరు కాడ బిందె పెడుతుంటే చెయ్యి చురుక్కుమన్నదని మాటవరసకు చెప్పింది. బావ నీళ్లు తాగలేదు, చెప్పులు విడవలేదు. మెయిన్ ఆపాడు. తాళం వేశాడు. వెనక్కి పోయి కేసింగ్‌కు చుట్టిన తీగను కత్తిరించి చేతిలో పట్టుకుని వచ్చాడు.

"అందరు బోరుకే కడ్తరు బాపు. ఎర్త్ మంచిగ దొర్కుతది" అన్నాడు కొడుకు.

"దొర్కుతది. మరి గా పైపు కాడ నీళ్లు వట్టేది ఎవరు?"

మేనల్లుడు తల్లివైపు చూశాడు. మళ్లీ తండ్రివైపు తిరిగి, "నాట్లు అయినంక గా చక్రాలు ఎవనికి కావాలె? తాళంచెవి ఇయ్యి బాపు" అన్నాడు.

"పని పోతె ఇంకోటి జూసుకోవచ్చు" అన్నాడు బావ. తాళంచెవి ఇవ్వలేదు. షెడ్డుకు లాగిన తీగ పీకేశాకే మెయిన్ వేశాడు.

పని పోయింది. రైతు ఇంకో షాపులో చేయించుకున్నాడు. ఆ వానాకాలమంతా కొడుకు తండ్రితో మాట్లాడలేదు. చెప్పాల్సింది తల్లికి చెప్పేవాడు, ఆమె పక్క గదిలోకి పోయి భర్తకు చెప్పేది. వాళ్లిద్దరి మాటలు మోయలేక చస్తున్నానని అక్క నాకు ఫోన్‌లో చెప్పుకునేది.

బావ మాత్రం గుంత తవ్వడం మొదలుపెట్టాడు. గడ్డపారతో కాసేపు పొడిచేవాడు, గట్టున కూర్చుని ఆయాసం తీర్చుకునేవాడు, మళ్లీ దిగేవాడు. ఆయనకు అప్పటికే గుండె జబ్బు ఉందేమో, మేం ఎవరం అడగలేదు. మొరం కింద గట్టి పొర తగిలిన రోజు మేనల్లుడు వరండాలోంచి లేచి వచ్చి, ఆయన చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. ఇద్దరూ కలిసి పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా నింపారు. చలికాలంలో మీటరు వచ్చింది. షెడ్డు నడిచింది. గేట్లు, కిటికీ గ్రిల్స్, తర్వాతి ఏడాది కేజీ వీల్స్ కూడా.

ఎండాకాలం పొద్దున్నే బావ ఆ గుంతలో బకెట్ నీళ్లు పోసేవాడు. భూమి ఎండిపోతే ఎర్త్ పనిచెయ్యదు. గోడ అవతలివాళ్లు, "ఏందే అన్నా, మొలకెత్తిందా?" అని నవ్వేవాళ్లు. "ఇంకా లేదు" అంటూ తాను నీళ్లు పోస్తూనే ఉండేవాడు. అక్కకు కూడా ఒక అలవాటు నేర్పాడు. ఏ ఇనుప వస్తువు మీదైనా అనుమానముంటే టెస్టర్ పెట్టమనేవాడు. "అది దొరక్కుంటే చెయ్యి ఎనుకకు తిప్పి తాకు. అరచెయ్యి వెడ్తె వేళ్లు ముడుసుకపోతయ్, ఇడ్వనియ్యది" అనేవాడు. కూలరైనా ఫ్రిజ్ అయినా అక్క ముందు చేతి వెనుకవైపుతోనే తాకేది.

షెడ్డు నడిచిన ఇన్నేళ్లూ ఏమీ జరగలేదు. ట్రిప్పర్ పడేది. మేనల్లుడు విసుక్కుంటూ తీగలన్నీ వెతికి, చిట్లినదాన్ని మార్చేవాడు. అంతే. ఏమీ జరగలేదన్నది వార్త కాదు, దాన్ని ఎట్లా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను జనగామ చేరేసరికి మధ్యాహ్నమైంది. భూపాలపల్లి నుంచి బావ తమ్ముడు రావాలి కాబట్టి దహనం మర్నాటికి అనుకున్నారు. ఎండకు శరీరం ఆగదని ఫ్రీజర్ పెట్టె అద్దెకు తెప్పించారు. దాని వైరుకు రెండు పిన్నుల ప్లగ్గే ఉంది, ఎర్త్ పిన్ను లేదు. తెచ్చినవాడు దాన్ని హాల్లో పెట్టబోతే మేనల్లుడు ఆపాడు. షెడ్డుకు దగ్గరవుతుందని పెట్టెను వరండాలోకి మార్పించాడు. షెడ్డులోకి పోయి మూడు తీగల కేబుల్, కొత్త ప్లగ్గు తెచ్చుకుని కింద కూర్చున్నాడు. మూడో తీగను పెట్టె ఇనుప చట్రానికి బిగించసాగాడు. బావ చాప మీద ఉన్నాడు. జనం నిలబడి చూస్తున్నారు.

"మనిషిని కింద వెట్టుకొని ఏందిరా గీ పని?" అన్నాడు ఒక పెద్దాయన.

"అందరు దీని మీద పడి ఏడుస్తరు తాతా. బాపు ఉంటె గిట్లనే పెట్టనిస్తుండెనా?" అన్నాడు వాడు, తలెత్తకుండా.

షెడ్డు బోర్డు నుంచి లైను ఇచ్చి, టెస్టర్‌తో పెట్టె నాలుగు మూలలూ చూశాడు. బావను అందులో పడుకోబెట్టారు. ఆడవాళ్లు ముందుకు వచ్చారు. అక్క చెయ్యి అడ్డం పెట్టి వాళ్లను ఆపింది. చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ల కణుపులతో పెట్టె అంచును తాకింది. ఒక క్షణం ఆగింది. తర్వాత చెయ్యి తిప్పి, ఆయన ముఖం మీది అద్దానికి అరచెయ్యి ఆనించి అట్లాగే ఉంచింది.