పేడగంప కింది రొట్టెలు

మా అవ్వ గురించి మా ఇంట్లో చెప్పేది సగమే. సాయుధ పోరాటం రోజుల్లో ఆమె దళాలకు రొట్టెలు చేసి పెట్టిందని మా చిన్నాయనలు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తుపాకి పట్టిన తాతకు మాత్రం గంటసేపు కథ. రొట్టెలు చేయడం వాళ్ల దృష్టిలో వంట, పోరాటం కాదు. ఈ మాట మీద నేను కొట్లాడని పెళ్లి లేదు. ఏనాడూ గెలవలేదు. అవ్వ ఏం చేసిందో నాకూ సరిగ్గా తెలియదు కదా.

నా కొట్లాటకు పదును దొరికింది వియత్నాంలో. నేనూ మా ఆయనా ఉద్యోగాలు మానేసి ఏడాదిపాటు ఆసియా దేశాలు తిరిగాం, ఎక్కడికక్కడ గది కిరాయికి తీసుకుని. ఏ ఊళ్లో దిగినా ఆయన ముందు యుద్ధం ఎక్కడ జరిగిందో అడుగుతాడు, నేను కూరగాయల బజారు ఎక్కడో అడుగుతాను. అందుకని ఒక రోజు ఆయనది, ఒక రోజు నాది.

ఆయన రోజున గెరిల్లాల సొరంగాలకు పోయాం. ఆయన పాత ట్యాంకు ముందు ఫొటోలు దిగుతుంటే నేను భూమిలోపలి వంటగదికి దిగాను. పొయ్యి పొగను మట్టి కాలువల్లో దూరం నడిపించి, ఎక్కడో పొదల్లో సన్నగా వదిలేవారట. పొగ కనబడితే పైనుంచి బాంబు. వంట కూడా యుద్ధమేనని అక్కడివాళ్లకు ఎవరూ వాదించి చెప్పక్కర్లేదు. పైకొచ్చి, అక్కడ పెట్టిన ఉడికించిన కర్రపెండలం తింటూ ఆయన్ని అడిగాను.

“మరి మా అవ్వ అంతమందికి వండితె పొగ ఏమాయె?”

ఆయన కెమెరా పక్కన పెట్టాడు. “పొగ సంగతి తర్వాత. అంత పిండి ఎట్ల ఇసిరింది? ఇసుర్రాయి సప్పుడు పోలీసులకు వినబడదా?”

ఈయన బుర్ర అప్పుడప్పుడు పనిచేస్తుంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

తిరిగొచ్చాక, సామాను విప్పకముందే, కట్టంగూర్ దగ్గర మా ఊరికి పోయాం. ఆ రోజులు చూసినవాళ్లలో మా మేనత్త ఒక్కతే మిగిలింది. అప్పటికి ఆమె చిన్నపిల్ల. మంచం మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్న మేనత్త నా ప్రశ్న విని నవ్వింది.

“ఒక్క ఇంట్ల చేస్తె దొరకరా బిడ్డా? ఇంటికి రెండు రొట్టెలు ఎక్కువ చేస్తుండ్రి, అంతె. పొద్దుగాల పేడగంప ఇంటింటికి తిరుగుతుండె. కింద రొట్టెలు, నడుమ మోదుగాకులు, పైన పేడ.”

“వాసన రాదా అత్తమ్మా?” అన్నాడు మా ఆయన.

“నువ్వేమన్న తిన్నవా అల్లుడా, నీకెందుకు వాసన?”

తెల్లవారి పేడ ఎత్తే ఆడవాళ్లను ఆపి గంప వెతికే పోలీసు ఎవడు? అవ్వ మా రెండు రొట్టెలూ అందులో పెట్టి, గంపను మా తర్వాతి ఇల్లయిన గొల్లవాళ్లకు చేర్చేదట. అక్కడి నుంచి రొట్టెలు గొర్రెల మందతో గుట్ట మీది దళాలకు పోయేవట. మరి మా ఇంటికి గంప ఎవరు తెచ్చేవారని అడిగాను. మేనత్త తల అడ్డంగా ఊపింది. గంప తెల్లారేసరికి దొడ్డి గోడ మీద ఉండేదట. ఎవరు పెట్టారో అవ్వ చూడలేదు, అడగలేదు.

“అడుగొద్దనే కట్టడి. కొట్టినా చెప్పెతందుకు ఏముండొద్దని.”

ఆ మధ్యాహ్నం మేనత్త చేసిన జొన్నరొట్టె, పుంటికూర కడుపునిండా తిన్నాం. వచ్చే పెళ్లిలో చిన్నాయనల సంగతి చెబుతానని నేను, పెళ్లి భోజనమైనా ప్రశాంతంగా తిననియ్యమని ఆయన, బస్సులో దారంతా అదే వాదన. నాకు హాయిగానే ఉంది. కానీ ఒక్కటి తెలియాలి. మా దొడ్డి గోడ మీద గంప పెట్టిపోయిన ఆ ఆడమనిషి ఎవరు?