ఎడమ కన్ను చేయని పని

పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నాకు రోజూ సాయంత్రానికల్లా తలనొప్పి పట్టుకునేది. క్యాంపస్ లైబ్రరీ మెట్లు దిగుతుంటే ఆఖరి మెట్టు కాలికి అందేది కాదు. ఫోన్‌లో వెతికితే మెదడులో గడ్డ అని చూపించింది. నమ్మేశాను. ఇంట్లో చెప్పలేదు. థీసిస్ ఇచ్చేదాకా బతికితే చాలనుకున్నాను.

ఒకరోజు తార్నాకలో బస్సు దిగుతూ అంచనా తప్పి బోర్లా పడ్డాను. వెనకే దిగిన నా రూమ్మేట్, కరీంనగర్ పిల్ల, లేవదీసి మందలించింది.

"ఏందక్కా, రోడ్డు కనిపిస్తలేదా? నడువ్, గీడనే కండ్ల డాక్టరమ్మ ఉన్నది."

"కళ్లు బాగానే ఉన్నాయే. ఇది తలలో జబ్బు."

"గది డాక్టరమ్మ చెప్తది తీ."

డాక్టరమ్మ నా కుడి కన్ను మూసి చదవమంది. గోడ మీది అన్నిటికంటే పెద్ద అక్షరం కూడా అలుక్కుపోయింది. ఇన్నేళ్లుగా దూరపు చూపంతా ఒక్క కంటితోనే నెట్టుకొస్తున్నానని అప్పుడు తెలిసింది.

"కుడి కంటికి అద్దాల పవర్ దాదాపు అక్కర్లేదు. ఎడమకి మైనస్ అయిదు. రెండూ కలిసి చూస్తేనే లోతు తెలుస్తుందమ్మా. మెట్లు తప్పడం, తలనొప్పి, రెండూ అందువల్లే అయ్యుండాలి."

"మరి గడ్డ?"

"ఏ గడ్డ?"

చెప్పాను. ఆవిడ నవ్వలేదు. కంట్లో చుక్కల మందు వేసి, చాలాసేపు కంటి వెనక నరం చూసింది. తలలో గడ్డ ఉంటే అక్కడ వాపు కనిపించే అవకాశం ఉంటుందట. "భయపడాల్సిందేమీ లేదు" అంది. ఆ కుర్చీలోనే వెక్కి వెక్కి ఏడ్చాను.

అయితే అంతటితో తేలిపోలేదు. కళ్లజోడు పెట్టుకుంటే ఒకే తలుపు రెండు కళ్లకూ రెండు సైజుల్లో కనిపించి కడుపులో తిప్పేది. మూడు రోజులు చూసి మళ్లీ వెళ్లాను. ఈసారి డాక్టరమ్మ ఎడమ కంటికి మాత్రం కాంటాక్ట్ లెన్స్ ఇచ్చింది, కంటికే అంటుకుని ఉంటుంది కాబట్టి సైజుల తేడా అంతగా తెలియదంది. అది పెట్టుకోవడం నేర్చుకోవడానికే వారం పట్టింది. రెండో వారంలో ఒక సాయంత్రం, సీతాఫల్‌మండి వైపు నడుస్తూ, ఏడు దాటినా తలనొప్పి రాలేదని గమనించాను. అది ఎప్పుడు రావడం మానేసిందో తెలియలేదు.

అప్పుడే ఏలూరులో ఉన్న అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను, గడ్డ సంగతితో సహా.

"ఇన్ని నెలలు ఒక్కదానివే కడుపులో దాచుకున్నావుటే?" అని ఏడ్చింది, తిట్టింది. మర్నాడు పొద్దున్నే తమ్ముణ్ణి కళ్ల పరీక్షకి లాక్కెళ్లింది. వాడి కళ్లు రెండూ సమానంగానే ఉన్నాయట.