కాజాలక్క తొలి స్కాన్

చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని కాబట్టి అందరికీ ఆమె కాజాలక్క. సూది కన్నంలో దారం ఒక్క ఊపులో ఎక్కించే ఆ చేతికి ఫోన్‌తో డబ్బు కట్టడమంటే మాత్రం వణుకు. పక్కన కూర్చుని బొత్తాలు కుట్టే పిన్ని, ఫోన్‌లో ఎవరో చెప్పారని ఏదో నొక్కి, ఖాతాలో డబ్బంతా పోగొట్టుకుంది. అది కళ్లారా చూసినప్పటి నుంచీ దుకాణాల్లో అంటించిన ఆ నలుపుతెలుపు గళ్లు కనబడితే చాలు, కాజాలక్క పర్సు గట్టిగా పట్టుకునేది.

చెల్లెలు పోరి పోరి ఫోన్‌లో అన్నీ పెట్టించింది. "ఒక్క రూపాయి పంపి చూడక్కా, నేను పక్కనే ఉన్నాగా."

"నువ్వుంటావమ్మా, రూపాయి ఉండొద్దూ?"

అక్కాచెల్లెళ్లిద్దరే ఆ మూడో అంతస్తు గదిలో ఉంటారు. చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఒకనాటి సాయంత్రం కరెంటు పోయిన వేళ ఆయాసం ముంచుకొచ్చింది. పీల్చే మందు డబ్బా నొక్కితే ఉత్త గాలి. చెల్లెలి పెదాలు నల్లబడటం కాజాలక్క చూసింది. మెట్ల మీద వెలుతురు కోసం ఫోన్ పట్టుకుని పరుగు తీసింది.

మందుల షాపులో కొత్త మనిషి ఉన్నాడు. మందు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె చెయ్యి నడుము దగ్గర తడుముకుంది. పర్సు లేదు.

"బాబూ, ఇంట్లో మర్చిపోయా... మళ్లీ వస్తా, మందివ్వు!"

"నేను జీతగాణ్ణమ్మా, అరువివ్వలేను. ఫోనుందిగా, స్కాన్ చెయ్యండి."

మళ్లీ మూడంతస్తులు ఎక్కి దిగేసరికి? పిన్ని ఏడుపు చెవిలో మోగుతూనే ఉంది. పోతే పోనీ అనుకుని ఫోన్ ఎత్తింది. గళ్లు కుదురుగా కనబడవు, ఫోన్ ముందుకీ వెనక్కీ జరిపింది. రహస్య అంకెలు ఒకసారి తప్పాయి. రెండోసారి తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆగదు.

"డబ్బు వెళ్లిందా, పోయిందా?" ఆ మనిషిని అడిగింది.

అంతలో బల్ల మీది చిన్న స్పీకరు పెట్టె, డబ్బు అందిందని గట్టిగా పలికింది. ఆమె మందు లాక్కుని పరుగెత్తింది.

నాలుగు పీల్పులు పీల్చాక చెల్లెలి ముఖంలోకి రంగొచ్చింది. మాట రాగానే అడిగింది. "పర్సు ఇక్కడే ఉంది, మందెలా తెచ్చావక్కా?"

అక్క నేల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు కూరలకైనా పాలకైనా కాజాలక్క స్కానే చేస్తుంది. భయం పోయిందని కాదు. కొంగు అడ్డం పెట్టుకుని అంకెలు నొక్కుతుంది, అందిందని అవతలి మనిషి చెప్పేదాకా కదలదు. పైగా కొత్త బెంగొకటి పట్టుకుంది. ఫోన్‌లో చార్జింగ్ సగానికి పడితే చాలు, చెల్లెలి మంచం వైపు చూస్తూ ప్లగ్గు వెతుక్కుంటుంది.