బిగించి పట్టిన టేపు

మున్సిపల్ ఆఫీసులో ఆయన్ని అందరూ టేపు సారు అంటారు. సెల్ టవర్‌కి ఎవరు అనుమతి అడిగినా ముందు స్థలం కొలవాల్సింది ఆయనే. జేబులో సుద్దముక్క, చేతిలో రంగు వెలిసిన టేపు, రెండో కొస పట్టుకున్న అటెండరుకి ఎప్పుడూ ఒకటే మాట: "బిగించి పట్టవయ్యా! వేలాడే టేపు లేని దూరం చూపిస్తుంది." బడి గోడకీ టవర్‌కీ మధ్య యాభై మీటర్లు ఉండాలన్నది రూలు. మూడుసార్లు కొలిస్తేగానీ ఆయన కాగితం మీద పెన్ను పెట్టడు.

మొన్న ఆయన వీధిలోనే టవర్ పెడతామన్నారు. అక్కడ సిగ్నల్ అంటే గగనకుసుమం. చెల్లెలితో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే ఆయన భార్య మోకాళ్ళ నొప్పులతో డాబా ఎక్కి నిలబడాల్సిందే. వీధి వీధంతా ఆయన చుట్టూ మూగింది. టేపు నలభై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. మూడోసారి కొలిచేటప్పుడు కూడా టేపు వదులు కాలేదు. "కుదరదు" అని రాసేశాడు. "అరమీటరే కదండీ! కాస్త వదులుగా పట్టుకుంటే మీ సొమ్మేం పోయేది?" అని సాయంత్రం భార్య నిలదీసింది. ఆయన లేచి, రోజూ తను పేపరు చదివే కుర్చీ భుజాన వేసుకుని డాబా ఎక్కాడు. ఫోను పట్టుకుని ఆ చివర్నుంచి ఈ చివరికి మూడుసార్లు తిరిగి, సిగ్నల్ అందిన చోట సుద్దతో గీత గీసి కుర్చీ వేశాడు. కిందికొచ్చి భార్యకి చెయ్యందించి, ఒక్కో మెట్టూ ఆమెతోపాటే ఎక్కాడు. "లేదే, ఇవాళ నిలబడలేదు," అంటోంది ఆమె ఫోనులో చెల్లెలితో, "మీ బావ తన కుర్చీ తెచ్చి వేశారు."